మూడేళ్ల క్రితం మొదలైన కాలేజీ బేస్‌బాల్ జట్టులో మా అబ్బాయిని చేర్చవచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అబ్బాయి పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు), పన్నెండో గ్రేడు. బేస్‌బాల్ మొదలెట్టి మూడు సీజన్లే అయిన ఒక డివిజన్-1 (పై శ్రేణి) కాలేజీ పిలిచింది. హెడ్ కోచ్‌కి పేరుంది. ఓటములు మాత్రం బోలెడు. చేర్చవచ్చా?

చేర్చవచ్చు. ఓటములు చూసి భయపడక్కర్లేదు, హెడ్ కోచ్ పేరు చూసి మురిసిపోనూ అక్కర్లేదు. పిచ్చర్‌ని కన్నవాళ్లు చూడాల్సింది పిచింగ్ కోచ్‌ని. మనవాళ్లలో నూటికి తొంభైమంది ఆ మనిషి పేరైనా అడగరు.

ఓటముల సంగతి ముందు తేల్చేద్దాం. ఆరెగన్ యూనివర్సిటీ 1981 తర్వాత బేస్‌బాల్ ఎత్తేసి, మళ్లీ 2009లో ఆడింది. కాల్ స్టేట్ ఫుల్లర్టన్‌ని 2004లో జాతీయ ఛాంపియన్‌గా నిలిపిన జార్జ్ హోర్టన్‌ని తెచ్చుకుంది. మొదటి సీజన్ 14 గెలుపులు, 42 ఓటములు. అంత పేరున్న కోచ్‌కే ఆ గతి. మరుసటి ఏడాదే 40 గెలిచి, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పెట్టే టోర్నీకి వెళ్లారు. ఆ 42 ఓటముల జట్టులో టైలర్ ఆండర్సన్ అనే ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది కుర్రాడు) పిచ్చర్ ఉన్నాడు. 2011లో ప్రొఫెషనల్ జట్టు కొలరాడో రాకీస్ అతన్ని డ్రాఫ్ట్ మొదటి రౌండ్లో, 20వ ఎంపికగా తీసుకుంది. పాత, పెద్ద ప్రోగ్రామ్‌లో ఫ్రెష్‌మన్ బెంచీ మీద కూర్చుని గింజలు నములుతుంటాడు. కొత్త జట్టులో బంతి అతని చేతికే ఇస్తారు, ఇంకెవరూ లేరు కాబట్టి.

వరమూ అదే, ప్రమాదమూ అదే. కాలేజీ సీజన్‌లో గరిష్ఠంగా 56 ఆటలు, ఫిబ్రవరి మధ్య నుంచి మే ఆఖరు దాకా. శుక్ర, శని, ఆదివారాలు వరసగా మూడు, తరచుగా మంగళవారం ఇంకోటి. అంటే మొదలుపెట్టే పిచ్చర్లు కనీసం నలుగురు, వెనక ఆదుకునేవాళ్లు ఆరేడుగురు కావాలి. కొత్త జట్టులో నమ్మదగ్గ చేతులు మొత్తం నాలుగైదే ఉంటాయి. పైగా కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ప్రతి ఆటా గెలవాలన్న ఆత్రం.

ఒక్క వారాంతం చూడండి. శుక్రవారం ఏడో ఇన్నింగ్స్‌లో మీవాణ్ని దింపారు, 38 బంతులు వేశాడు. శనివారం రెండుసార్లు లేపి బుల్‌పెన్‌లో (పిచ్చర్లు సిద్ధమయ్యే చోటు) చెయ్యి వేడెక్కించమన్నారు. ఒక్కోసారి ఇరవై, పాతిక బంతులు గట్టిగానే విసిరాడు, దింపకుండానే కూర్చోబెట్టారు. ఆదివారం అయిదో ఇన్నింగ్స్‌లో మొదలుపెట్టినవాడు చేతులెత్తేస్తే మళ్లీ మీవాడే, 52 బంతులు. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి తెచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల్లో 17-18 ఏళ్లవాళ్లకి రోజుకి 105 బంతులు గరిష్ఠం. 31 నుంచి 45 వేస్తే ఒక రోజు విశ్రాంతి, 46 నుంచి 60 అయితే రెండు, 81 దాటితే నాలుగు. ఆ లెక్కన పైన జరిగినదాంట్లో తప్పేమీ కనిపించదు, శనివారం ఖాళీయే కదా! శనివారం విసిరిన నలభై అయిదు బంతులు ఏ స్కోరుకార్డులోనూ ఎక్కవు. మోచేయి లోపలి లిగమెంట్ మాత్రం వాటిని లెక్కేసుకుంటూనే ఉంటుంది. అది తెగితే దాన్ని బాగుచేసే టామీ జాన్ సర్జరీ, మళ్లీ మౌండ్ (బంతి వేసే మట్టిదిబ్బ) ఎక్కడానికి ఏడాదికి పైమాటే. ఇంతా చేసి ఎన్‌సీఏఏలో బంతుల సంఖ్యకి పరిమితంటూ లేదు. పదేళ్ల పిల్లల లీగుల్లో ఉంది, పందొమ్మిదేళ్లవాడికి లేదు. అంతా కోచ్ దయ.

అందుకే జట్టు వెబ్‌సైటులో పోయిన సీజన్ స్కోరుకార్డులు తెరవండి. పిచ్చర్ల పట్టికలో చివర ‘ఎన్‌పీ’ అని ఉండేది వేసిన బంతుల సంఖ్య. మార్చి నుంచి ఏప్రిల్ దాకా నాలుగు వారాంతాలు చాలు. శుక్రవారం 30 దాటి వేసినవాడి పేరు ఆదివారం కూడా ఉందా, 110 దాటినవాళ్లు ఎందరు, మంగళవారం ఎవరు వేశారు అని కాగితం మీద రాసుకోండి. గంట పని. తర్వాత ఒక ఆట చూడ్డానికి వెళ్లి, మౌండ్‌ని కాకుండా బుల్‌పెన్‌ని చూడండి. ఒకే కుర్రాణ్ని ఎన్నిసార్లు లేపి కూర్చోబెడుతున్నారో లెక్కపెట్టండి.

వెళ్లినప్పుడు టేపు కూడా పట్టుకెళ్లండి, నవ్వినా పర్లేదు. మౌండ్ ఎత్తు హోమ్ ప్లేట్ (బ్యాటర్ దగ్గర నేలలో ఉండే పలక) మీద నుంచి 10 అంగుళాలు. రబ్బరుకి (మౌండ్ మీద పిచ్చర్ కాలు మోపే పలక) ముందు 6 అంగుళాల నుంచి వాలు మొదలై, అడుగుకి అంగుళం చొప్పున దిగాలి. రబ్బరు పైఅంచు దగ్గర దారం పెట్టి, తాపీమేస్త్రీ రసమట్టంతో సమంగా లాగండి. ఆరున్నర అడుగుల దగ్గర దారం నుంచి నేలకి 6 అంగుళాలు రావాలి. ఆట మౌండ్ సరిగ్గా ఉండి, బుల్‌పెన్ మౌండ్ చదునుగా ఉందంటే కుర్రాడు వారమంతా ఒక వాలుకి అలవాటుపడి, ఆట రోజు ఇంకో వాలు మీద వేస్తున్నాడన్నమాట. ముందు కాలు పడేచోట గుంట చూడండి. రోజూ వదులు మట్టి ఊడ్చి, తడిపి, బంకమట్టి వేసి, దిమ్మిసతో కొట్టి, టార్పాలిన్ కప్పాలి. కొత్త ప్రోగ్రామ్‌లలో దానికి వేరే మనిషి ఉండడు, పిచింగ్ కోచే చేసుకోవాలి. గుంట మూడంగుళాల లోతుందంటే ఆయనకి తీరికైనా లేదు, పట్టింపైనా లేదు.

తీరిక ఉండకపోవడానికీ కారణముంది. 2023 దాకా డివిజన్-1 బేస్‌బాల్‌లో హెడ్ కోచ్, జీతమున్న ఇద్దరు అసిస్టెంట్లు, జీతం లేని ఒక వాలంటీర్ కోచ్ ఉండేవారు. ఇప్పుడు ఆ మూడో మనిషికీ జీతం ఇవ్వొచ్చు. ‘ఇవ్వొచ్చు’ అంటే ఇస్తున్నారని కాదు. మూడో అసిస్టెంట్‌కి పూర్తి జీతం ఉందా అని మొహం మీదే అడగండి. లేకపోతే పిచింగ్ కోచే రిక్రూటింగుకి ఊళ్లు తిరుగుతాడు, ఆ వారం మీవాడి బుల్‌పెన్ చూసేవాడుండడు.

ఇక డబ్బు. ‘ఫుల్ స్కాలర్‌షిప్’ అనే మాట మన వాట్సాప్ గ్రూపుల్లోంచి ఎవరైనా తీసేస్తే పుణ్యముంటుంది. ఏళ్ల తరబడి డివిజన్-1 జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్పులే, వాటిని గరిష్ఠంగా 27 మందికి ముక్కలు చేసి పంచేవారు. 2025-26 నుంచి, ఆటగాళ్ల దావా వల్ల వచ్చిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకి ఆ పరిమితి పోయి, జట్టులో 34 మందే ఉండాలన్న పరిమితి వచ్చింది. పరిమితి పోయినంత మాత్రాన కొత్త కాలేజీ ఖజానా నిండదు. డివిజన్-3లో అయితే ఆటకి పైసా ఇవ్వరు, చదువుకి ఇచ్చేదే. ఇంకో తలనొప్పి, 34లో చోటు తగ్గాక కోచ్‌లు వేరే కాలేజీ నుంచి మారివచ్చే ఇరవై రెండేళ్ల ట్రాన్స్‌ఫర్ కుర్రాళ్లకే మొగ్గుతున్నారు. అందుకని జాబితాలో ఇప్పుడున్న పిచ్చర్లు ఏ సంవత్సరంవాళ్లో చూడండి. అందరూ సీనియర్లయితే (ఆఖరి ఏడాదివాళ్లయితే) వచ్చే ఏడు చోటుంటుంది, దాన్ని మీవాడితో నింపుతారో ట్రాన్స్‌ఫర్‌తో నింపుతారో అడగండి.

చివరిగా పిచింగ్ కోచ్ ఒప్పందం ఎప్పటిదాకా ఉందో కనుక్కోండి. ఆరెగన్ పిచ్చర్లని తయారుచేసిన పిచింగ్ కోచ్ ఆండ్రూ చెకెట్స్ మూడు సీజన్లు కాగానే 2011లో యూసీ శాంటా బార్బరాకి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు, 2016లో ఆ జట్టుని ఒమాహాకి (కాలేజీ వరల్డ్ సిరీస్ జరిగే ఊరు) తీసుకెళ్లాడు. హోర్టన్ 2019 దాకా ఆరెగన్‌లోనే ఉన్నాడు, ఒక్కసారీ ఒమాహా చేరలేదు. దీన్నిబట్టి ఏదీ రుజువు కాదంటారా, అనండి. హెడ్ కోచ్ వెళ్లిపోతే కుర్రాళ్లకి జట్టు మారడానికి ప్రత్యేకంగా గడువిస్తారు. పిచింగ్ కోచ్ వెళ్లిపోతే ఇవ్వరు.