పొద్దు గుంకే సముద్రం

ప్రశ్న: మే నెలాఖరులో ఐదు రోజులు అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. ఆమెకు డెబ్బై ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మూడు దీవులు తిప్పి చూపిస్తామని ఏజెంటు అంటున్నాడు. ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఒప్పుకోవద్దమ్మా. ముందు ఆ తేదీలు మార్చండి. నైరుతి రుతుపవనాలు కేరళకు జూన్ 1 ప్రాంతంలో వస్తాయి గానీ, అండమాన్‌ను మే మూడో వారానికే పలకరిస్తాయి. మనకు రోహిణీ కార్తె ఎండలు మాడుస్తుంటే అక్కడ వానలు, పెద్ద అలలు. బడికి సెలవులిచ్చీ ఇవ్వగానే ఏప్రిల్ ఆఖరి వారంలో బయల్దేరండి.

మూడు దీవులన్న మాట మరిచిపోండి. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం), హావ్‌లాక్ (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) చాలు. దీవి మారినప్పుడల్లా సామాన్లు మోయాలి, జెట్టీలో వరుసలో నిలబడాలి, ఊగే పడవెక్కాలి. ఆ మోకాళ్లతో ఆమెకది సెలవు కాదు, శిక్ష.

చెన్నై నుంచి విమానంలోనే వెళ్లండి, రెండుంపావు గంటల ప్రయాణం. ఓడ అయితే సుమారు మూడు రోజులు పడుతుంది. తిరిగొచ్చే ముందు రాత్రి మాత్రం తప్పకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోండి. మేము ఆ జాగ్రత్త పడలేదు. విమానం రోజు పొద్దున్నే హావ్‌లాక్ నుంచి బయల్దేరొచ్చనుకున్నాం. సముద్రం బాగాలేదని పడవ ఆపేశారు. నాలుగు టిక్కెట్ల డబ్బు పోయింది. అంతకంటే, జెట్టీ బల్ల మీద మా అమ్మ నీరసంగా కూర్చున్న తీరు ఇప్పటికీ నా కళ్లలోంచి పోదు.

హావ్‌లాక్‌లో రెండు రాత్రులుండండి. మీ తుమ్మలపెంటలోనైనా మా మైపాడులోనైనా సముద్రంలో పొద్దు పొడవడమే చూస్తాం, గుంకడం చూడలేం కదా! రాధానగర్ తీరం పడమటి వైపు ఉంది. మన గడియారమే అయినా అక్కడ ఏప్రిల్‌లో ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. కాబట్టి భోంచేసి కాస్త నడుం వాల్చి, నాలుగింటికల్లా అక్కడికి చేరుకోండి. అత్తమ్మకు చెట్ల నీడన ఒక కుర్చీ చూడండి. మా అమ్మ ఆ ఇసుకలో కాళ్లు చాపుకుని, చీకటి పడేదాకా కదలనంటే కదలనంది.

పిల్లలను మొసళ్ల హెచ్చరిక బోర్డులున్న చోట నీళ్లలో దిగనివ్వకండి. పగడపు ముక్కలు ఏరుకుని సంచిలో వేసుకోనివ్వకండి, అది చట్టరీత్యా నేరం.

పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులార్ జైలును తొలిరోజే చూసేయండి. దాని ఏడు భవనపు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. మేడ మెట్లు మీరూ పిల్లలూ ఎక్కండి, అత్తమ్మ కింది గదులు చూసి, రాత్రి ప్రదర్శన కూర్చుని చూస్తారు. భాష గురించి ఆమె బెంగపడనక్కర్లేదు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు ఆ ఊళ్లో చాలామంది ఉన్నారు. మా అమ్మకైతే కూరగాయల బజార్లోనే ఒకావిడ కలిసింది, అరగంట కబుర్లాడుకున్నారు.