నాగార్జునకొండకు బస్సు మాట్లాడే ముందు

చిరంజీవి అల్లునికి ఆశీస్సులు.

నలభై రెండు మందిని బస్సుల ఎక్కించుకొని నాగార్జునకొండకు పోతున్నవని మీ అమ్మ చెప్పింది. మంచిదే. కానీ కొండ నాగార్జునసాగర్ నీళ్ల నడుమ ఉన్నది, బస్సు కంటే ముందు లాంచీ సంగతి తేల్చుకో. ఆ రోజు పనంతా దాని మీదనే ఉంటది.

శుక్రవారం కొండ మీది మ్యూజియం బంద్. ఆదివారం పట్నం జనమంతా అక్కడ్నే. డ్యాం గేట్లు ఎత్తిన రోజుల్లనైతే బండ్లే కదలవు. మంగళ, బుధవారాలు మేలు. ముందు నాడు టూరిజం ఆఫీసుకు ఫోన్ చేసి మొదటి ట్రిప్పు ఎన్ని గంటలకో, ఇంతమందికి ఒక్క లాంచీల చోటుంటదో లేదో అడుగు. గాలి ఎక్కువైనా, నీళ్లు బాగా దిగినా లాంచీ ఆపేస్తరు. మ్యూజియం టికెట్ వేరే ఉంటది, పైసలు వసూలు చేసేటప్పుడు అది కూడా కలుపు.

లాంచీ మన దిక్కు హిల్ కాలనీ నుంచీ ఉంది, అవతల విజయపురి సౌత్ నుంచీ ఉంది. కృష్ణ దాటితే ఆంధ్ర. ప్రైవేటు బస్సుకు అటు పోయే పర్మిట్ ఉన్నదా అని ఓనర్‌ను నోటిమాటగా అడిగి ఊకోకు, కాగితం చూడు. నన్నడిగితే హిల్ కాలనీల్నే ఎక్కండి. అనుపుల తవ్వకాల కట్టడాలు, ఎత్తిపోతల జలపాతం రెండూ అవతలివే, ఒక్క రోజుల వాటిని ఇరికించకు.

నల్లగొండల తెల్లారక ముందే బయల్దేరి, హాలియాల చాయ్ తాగి, కౌంటర్ తెరిచేసరికి అక్కడుండాలె. వాంతులయ్యేటోళ్లను బస్సుల ముందు సీట్లల్ల కూసోబెట్టు.

పులిహోరకు ఆరు కిలోల బియ్యం సరిపోతయి. వేడి మీద డబ్బాలకెత్తితే ఆవిరి చెమ్మ పట్టి మధ్యాహ్నానికి వాసనొస్తది. పళ్లాలల్ల పరిచి పూర్తిగ ఆరినంకనే ఎత్తుండ్రి. పెరుగన్నంల పాలెక్కువ, పెరుగు రెండు గరిటెలే. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు నాలుగు. ఈ మూటలన్నీ బస్సులనే ఉండనియ్యి, తిండి తిరిగొచ్చినంకనే. కొండ మీదికి మనిషికో నీళ్ల సీసా, టోపీ చాలు.

పది మందికొక పెద్దమనిషిని పెట్టు. లాంచీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఎవరి పదిమందిని వాళ్లే లెక్కబెట్టాలె. అందరినీ నువ్వొక్కనివే లెక్కబెడితే తప్పకుండ తప్పుతది. లైఫ్ జాకెట్ పిల్లల కొలతది అడిగి తీసుకో. పెద్దోళ్లది తొడిగితే నీళ్లల్ల మెడ మీదికి జారిపోతది.

లాంచీ దిగంగనే తిరిగి పోయే టైం అడుగు. చూడనీకె ఎక్కువ సేపు దొరకదు కాబట్టి ముందు మ్యూజియంకు పో, ఫోటోల మోజు తర్వాత. మీరు నిలబడేది ఒక గుట్ట నెత్తి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ కింద నీళ్లల్ల మునిగింది. డ్యాం నిండక ముందే, 1954 నుంచి 1960 దాక తవ్వి తీసి, కొన్ని కట్టడాలను పైకి తెచ్చి మళ్లీ నిలబెట్టిన్రు. పిల్లలకు ఈ ముక్క లాంచీల్నే చెప్పు, లేకుంటే వాళ్లకు అవి ఉత్త రాళ్లే. రాతి మెట్ల స్నానఘట్టం, బౌద్ధ భిక్షువులుండే సింహళ విహారం విడిచిపెట్టకు.

తిరిగొచ్చి తిన్నంక ఎండ తగ్గినప్పుడు సాగర్‌లనే మన దిక్కున్న బౌద్ధ పార్కు బుద్ధవనం చూడుండ్రి. 2022ల తెరిచిన్రు, 274 ఎకరాలు. మోకాళ్ల నొప్పులున్నోళ్లను అంతా తిప్పకు, మహాస్తూపం దాకా చాలు. చీకటి పడక ముందే బస్సెక్కండి. డ్రైవర్ పొద్దుగాల నుంచి మేలుకొని ఉంటడు, మధ్యాహ్నం ఆయనను రెండు గంటలు పండుకోనియ్యి.

మీ మామ