మీ ప్రశ్న, నా జవాబు: చితికిన జట్టు చేతికొస్తే ఎవరిని అమ్మాలి?

మ్యాడెన్ ఫ్రాంచైజ్ లీగుల గురించి ఉత్తరాలు బాగా పెరిగాయి. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో 32 మంది తలా ఒక జట్టు తీసుకుంటారు. నిజం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అక్కడి ప్రొఫెషనల్ లీగ్‌లో) లాగే డ్రాఫ్టులు (కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడం; ఒక్కో వంతు ఒక పిక్, ఎక్కువ ఓడినవాళ్లది ముందు వంతు), శాలరీ క్యాప్ (జట్టు జీతాల మొత్తానికి పరిమితి), ట్రేడ్‌లు (ఆటగాళ్లను, పిక్‌లను మార్చుకోవడం) పెట్టుకుని వరసగా ఎన్నో సీజన్లు ఆడతారు. నేనూ ఇర్వింగ్‌లో ఇలాంటి లీగ్ ఒకటి నడుపుతున్నాను. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం జట్టును మళ్లీ మొదటినుంచి కట్టుకోవడం గురించే, అంటే మనవాళ్లు రీబిల్డ్ అనేదాని గురించే. అందుకే ఈ నెల కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశాను.

ప్రశ్న: అన్నా, నమస్తే. మా లీగ్‌లో ఒకాయన మధ్యలో వదిలేసిన జట్టును నేను తీసుకున్నాను. రెండు గెలుపులు, ఆరు ఓటములు. క్వార్టర్‌బ్యాక్‌కి (బంతి విసిరేవాడు) 33 ఏళ్లు, రేటింగ్ 86. రన్నింగ్ బ్యాక్‌కి (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) 27 ఏళ్లు, రేటింగ్ 92, టీమ్‌లో పెద్ద పేరు ఆయనదే. లెఫ్ట్ టాకిల్‌కి (క్వార్టర్‌బ్యాక్‌కి ఎడమవైపు కాపలా) 25 ఏళ్లు, సూపర్‌స్టార్ ట్రెయిట్ (వేగంగా ఎదిగే గుణం) ఉంది. మా వచ్చే డ్రాఫ్ట్ మొదటి రౌండ్ పిక్‌ని పాతాయన ఎప్పుడో ఇచ్చేశాడు. ట్రేడ్ గడువు దగ్గరపడింది. అందరినీ అమ్మేసెయ్ అంటున్నారు ఫ్రెండ్స్. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టను?
— ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ఎవరితోనూ మాట్లాడకముందే ఒక విషయం తేల్చుకోండి. మీ జట్టు నిజంగా టైటిల్ కోసం పోటీపడేది ఏ సీజన్‌లో? ఈ సీజన్ అయిపోయింది. మొదటి రౌండ్ పిక్ లేదు కాబట్టి వచ్చే సీజన్ కూడా కష్టమే. ఆ తర్వాతిదే మీ సీజన్ అనుకుందాం. అప్పటికి రన్నింగ్ బ్యాక్‌కి 29, క్వార్టర్‌బ్యాక్‌కి 35, లెఫ్ట్ టాకిల్‌కి 27 ఏళ్లు ఉంటాయి. ఈ మూడు అంకెలు పక్కపక్కన రాసుకుంటే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. రేటింగ్ ఇవాళ ఆటగాడు ఎంత ఆడతాడో చెబుతుంది. మీకు కావలసింది ఆ సీజన్‌లో ఎంత ఆడతాడన్నది.

రన్నింగ్ బ్యాక్‌ని ఈ వారమే అమ్మేయండి. ఈ ఆటలో అందరికన్నా ముందు అరిగిపోయేది ఆ స్థానంలోవాళ్లే. వయసు వల్ల రేటింగ్ పడిపోయేది ఆఫ్ సీజన్‌లో, అంటే రెండు సీజన్ల మధ్య. అంటే గడువులోపు మీ చేతిలో ఉన్నది 92, ఆ తర్వాత ఎంతకు దిగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. అడగాల్సింది లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్నవాణ్ని కాదు, వాడికి అవసరం లేదు. ఆరు గెలిచి, రెండు ఓడి, రన్నింగ్ బ్యాక్ గాయంతో కూర్చున్నవాణ్ని వెతకండి. కోతల రోజునే కల్లంలో వడ్లు అమ్ముకోక తప్పని రైతుకు మంచి ధర రాదు. ఈ బేరంలో తొందర అవతలివాడిది కావాలి, మీది కాకూడదు.

మీరున్న ఊళ్లోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. ఇవాళ డల్లాస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉన్నది ఫ్రిస్కోలోనే. 1989 అక్టోబర్‌లో ఆ జట్టు ఆడిన అయిదూ ఓడిపోయింది. అప్పుడు కోచ్ జిమ్మీ జాన్సన్ తన జట్టులోని ఒకే ఒక్క పెద్ద స్టార్, రన్నింగ్ బ్యాక్ హెర్షెల్ వాకర్‌ని మిన్నెసోటా వైకింగ్స్‌కి ఇచ్చేశాడు. వైకింగ్స్ అయిదుగురు ఆటగాళ్లను పంపారు, జాన్సన్‌కి వాళ్లే కావాలనుకున్నారు. అసలు కిటుకు షరతులో ఉంది: ఆ ఆటగాళ్లను గడువులోపు వదిలేస్తే బదులుగా డ్రాఫ్ట్ పిక్‌లు రావాలి. ఆయనకు కావలసింది పిక్‌లే. మొత్తం మీద మూడు మొదటి రౌండ్, మూడు రెండో రౌండ్ పిక్‌లు డల్లాస్‌కి చేరాయి. కొన్నిటిని మళ్లీ ట్రేడ్ చేస్తూ ముందుకు కదిలారు. 1990లో 17వ పిక్‌తో రన్నింగ్ బ్యాక్ ఎమిట్ స్మిత్ వచ్చాడు. 1989లో ఒక్కటే గెలిచి పదిహేను ఓడిన జట్టు 1992, 1993, 1995 సీజన్లలో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచింది.

క్వార్టర్‌బ్యాక్ విషయంలో మాత్రం తొందరపడకండి. 35 ఏళ్లకు కూడా ఆయన ఆడగలడు, కానీ మీ సీజన్‌కి ఆయన రేటింగ్ ఎంత ఉంటుందో నమ్మకం లేదు. డెట్రాయిట్ లయన్స్ చేసింది చూడండి. 2021 మొదట్లో 12 సీజన్లు ఆడిన మ్యాథ్యూ స్టాఫర్డ్‌ని లాస్ ఏంజెలిస్ రామ్స్‌కి ఇచ్చారు. వచ్చింది మరో క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గోఫ్, 2021 మూడో రౌండ్ పిక్, 2022, 2023 మొదటి రౌండ్ పిక్‌లు. రామ్స్ ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్ గెలిచారు కాబట్టి 2022 పిక్ ఆఖరిది, 32వది అయింది. మరుసటి ఏడు అదే రామ్స్ 5-12తో (అయిదు గెలుపులు, పన్నెండు ఓటములు) కుప్పకూలితే 2023 పిక్ ఆరోది అయింది. ఇవాళే గెలవాలని ఆరాటపడే జట్టు నుంచి రెండేళ్ల తర్వాతి పిక్ అడగమని నేను పదేపదే చెప్పేది ఇందుకే. అలాంటి జట్టు ఒక్కసారి జారితే ఆ పిక్ విలువ ఆకాశానికి వెళుతుంది.

ఆ ట్రేడ్‌లో చాలామంది పట్టించుకోనిది గోఫ్‌ని. కొత్త క్వార్టర్‌బ్యాక్ దొరికేదాకా జట్టును నిలబెట్టడానికి ఎవరో ఒకరు ఉండాలి. డెట్రాయిట్‌కి ఆ మనిషే అసలు క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. 2023లో 12-5తో, 1993 తర్వాత మొదటిసారి డివిజన్ (లీగ్‌లో నాలుగు జట్ల గుంపు) గెలిచారు. మీరూ క్వార్టర్‌బ్యాక్‌ని ఇస్తే తిరిగి ఒక క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకోకుండా ఇవ్వకండి. బంతి విసిరేవాడు లేకపోతే దాన్ని అందుకునే కుర్ర రిసీవర్లు ఎదగరు. ఈ గేమ్‌లో అనుభవం పాయింట్లు ఆడితేనే వస్తాయి.

ఇక లెఫ్ట్ టాకిల్. వద్దు, అమ్మకండి. 27 ఏళ్లంటే ఆ స్థానానికి మంచి వయసు, సరిగ్గా మీ సీజన్‌కి అందివస్తాడు. డెట్రాయిట్ కూడా లెఫ్ట్ టాకిల్ టేలర్ డెక్కర్‌ని, సెంటర్ ఫ్రాంక్ రాగ్నోని అట్టేపెట్టుకుని, 2021లో టాకిల్ పెనే స్యూయెల్‌ని తెచ్చి వాళ్ల పక్కన నిలబెట్టింది. మయామీ డాల్ఫిన్స్ 2019లో 25 ఏళ్ల లెఫ్ట్ టాకిల్ లారెమీ టన్సిల్‌ని హ్యూస్టన్‌కి అమ్మింది కదా అంటారేమో. నిజమే. రిసీవర్ కెన్నీ స్టిల్స్‌ని కూడా కలిపి ఇస్తే రెండు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక రెండో రౌండ్ పిక్, ఇద్దరు ఆటగాళ్లు వచ్చారు. అందులో ఒకటి తర్వాత 2021 డ్రాఫ్ట్‌లో మూడో పిక్ అయింది. అంత ధర పలికితే ఆలోచించండి, అంతకు తక్కువైతే ఫోన్ పెట్టేయండి. అదే మయామీ అదే సీజన్‌లో మింకా ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే కుర్ర డిఫెన్సివ్ బ్యాక్‌ని, వెళ్లిపోతానని అడిగాడని, పిట్స్‌బర్గ్‌కి ఇచ్చింది. అసలు బేరం ఒక మొదటి రౌండ్ పిక్, అది 18వది అయింది. ఆయన ఆ ఏడాదే ఆల్-ప్రో (ఆ సీజన్ మేటి ఆటగాళ్ల) మొదటి జట్టుకి ఎంపికయ్యాడు. రీబిల్డ్‌లో మనం వెతుకుతున్నదే అలాంటి కుర్రాణ్ని. ఉన్నవాణ్ని ఇచ్చి పిక్ తెచ్చుకుంటే మళ్లీ అలాంటివాడి కోసమే వెతకాలి.

మీ పిక్ పోయిందన్నారు కదా, దానివల్ల ఒక ముఖ్యమైన మార్పు ఉంది. మామూలుగా రీబిల్డ్ చేసేవాళ్లు ఓడితే పిక్ పైకి వస్తుందని ఊరుకుంటారు. మీరు ఓడితే లాభపడేది ఆ పిక్ కొన్నవాడు. కాబట్టి మిగతా ఆటలన్నీ గెలవడానికే ఆడండి, కుర్రాళ్లను దింపి మరీ ఆడండి.

ఒప్పందాల పేజీ చూడకుండా ఏ ట్రేడూ పంపకండి. నాలుగేళ్ల ఒప్పందంలో 20 మిలియన్ డాలర్ల బోనస్ ఉందనుకోండి, క్యాప్ లెక్కలో ఏడాదికి అయిదేసి చొప్పున పడుతుంది. ఒక్క ఏడాదికే ఆ ఆటగాణ్ని ఇచ్చేస్తే మిగిలిన పదిహేను మీ నెత్తిమీదే పడుతుంది. కొన్నవాడికి కాదు, మీకు! దీన్నే డెడ్ మనీ అంటారు. అయితే ఎలాగూ గెలవని సీజన్‌లో ఆ భారం మోయడంలో పెద్ద నష్టం లేదు. మీ సీజన్‌కి మాత్రం ఆ భారంలో ఒక్క డాలర్ కూడా మిగలకూడదు.

ప్రశ్న: నా దగ్గర 24 ఏళ్ల రిసీవర్ ఉన్నాడు, రేటింగ్ 89. ఒకాయన వాడికి బదులు 80, 79, 78 ఉన్న ముగ్గురిని ఇస్తానంటున్నారు. మొత్తం మీద నా జట్టు బలపడుతుంది కదా?
— ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: బలపడదు. ఒప్పుకోకండి. జట్టులో 53 మందికే చోటు. ముగ్గురు లోపలికి వస్తే ఇద్దరిని బయటికి పంపాలి, ఆ ఇద్దరి విలువ కూడా లెక్కలో తీసేయండి. పైగా 78, 79 ఉన్నవాళ్లు మార్చిలో ఫ్రీ ఏజెన్సీలో (ఒప్పందం ముగిసినవాళ్ల బజారులో) దొరుకుతారు. 24 ఏళ్ల 89 దొరకడు. ముగ్గురికి ఒకరు బేరం మీకు కావాలంటే, మీరే ఆ ముగ్గురిని ఇచ్చేవైపు ఉండండి.

ప్రశ్న: అన్నయ్యా, నేను బీటెక్ చదువుతున్నాను. అమెరికాలో ఉన్న మా కజిన్స్ లీగ్‌లో ఇక్కడినుంచే ఆడుతున్నాను. ఏ పిక్ ఎంత విలువో ఎలా తెలుస్తుంది? అందరూ ఏదో చార్ట్ అంటున్నారు.
— విజయవాడ

జవాబు: తమ్ముడూ, ఆ చార్ట్ కౌబాయ్స్‌ దగ్గర పుట్టిందే. పైన చెప్పిన జిమ్మీ జాన్సన్ పేరుతోనే పిలుస్తారు, 1991 నాటిది. మొదటి పిక్ 3000 పాయింట్లు, రెండోది 2600, పదోది 1300, పదహారోది 1000, ముప్ఫైరెండోది 590. ఇటు అటు కూడి సరిచూసుకోవడమే. 2023లో డెట్రాయిట్ రామ్స్ నుంచి వచ్చిన ఆరో పిక్‌ని, దానికి 81వది కలిపి, అరిజోనాకి ఇచ్చి 12, 34, 168 తీసుకుంది. ఆరోది 1600, 81వది 185, మొత్తం 1785. అవతల 12వది 1200, 34వది 560, 168వది ఇరవై చిల్లర. చూశావా, దాదాపు సమానంగా తూగాయి. ఆ 12తో జమీర్ గిబ్స్, 34తో శామ్ లపోర్టా వచ్చారు.

కానీ ఆ చార్ట్‌నే వేదంలా పట్టుకోకు. తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్, కేడ్ మాసీతో కలిసి ఈ లెక్కలు పరిశీలించాడు. జట్లు అగ్ర పిక్‌లకు ఉండాల్సినదానికన్నా ఎక్కువ ధర కడుతున్నాయని, ఇచ్చే జీతంతో పోలిస్తే మొదటి రౌండ్ చివర, రెండో రౌండ్ మొదట్లో దొరికేవాళ్లే ఎక్కువ గిట్టుబాటని తేల్చారు. 2011లో కొత్త ఆటగాళ్ల జీతాలు తగ్గించాక అగ్ర పిక్‌లు కొంత చవకయ్యాయి, అయినా నాకు ఆ మాట మీదే గురి. చాలా స్థానాలు ఖాళీగా ఉన్న జట్టుకి ఒక ఆరో పిక్ కన్నా 12, 34 మేలు. క్వార్టర్‌బ్యాక్ కావాలంటే తప్ప పైకి ఎగబాకడానికి పిక్‌లు ఖర్చు పెట్టకు.

ఇంకో అలవాటు కూడా గమనించు. ఈ ఏడాది రెండో రౌండ్ పిక్ ఇస్తే బదులుగా వచ్చే ఏడాది మొదటి రౌండ్ ఇవ్వడానికి చాలామంది సిద్ధపడతారు. ఏడాది ఆగగలిగితే రెండో రౌండ్ మొదటి రౌండ్ అవుతుందన్నమాట. రీబిల్డ్‌లో ఉన్నవాడు ఆగడం కన్నా సులువైన పనేముంది? మీ కజిన్స్‌ని అడిగి చూడు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా లీగ్‌కి నేనే కమిషనర్‌ని. కొత్తగా చేరిన కుర్రాడి దగ్గర మా సీనియర్ ఒకాయన మొదటి రౌండ్ పిక్‌ని, 23 ఏళ్ల కార్నర్‌బ్యాక్‌ని తీసుకుని 31 ఏళ్ల రిసీవర్‌ని అంటగట్టారు. కుర్రాడికి ఆ రిసీవర్ అంటే ఇష్టం, సంతోషంగానే ఉన్నాడు. ఆపితే పెద్దాయన అలుగుతారు. ఏం చేయను?
— షార్లెట్, నార్త్ కరోలినా

జవాబు: ఆపండమ్మా. ఆయన అలిగినా సరే. ఆ కుర్రాడి సంతోషం ఆ రిసీవర్ రేటింగ్ పడే ఆఫ్ సీజన్ వరకే. తర్వాత జరిగేది మీకూ తెలుసు: రెండు సీజన్లు ఓడి, చెప్పకుండా వెళ్లిపోతాడు, పిక్‌లు లేని ఆ జట్టును తీసుకోవడానికి ఎవరూ ముందుకు రారు. మొదటి ఉత్తరం రాసిన ఫ్రిస్కో అతని కష్టం కూడా అలా ఖాళీ అయిన జట్టుతోనే కదా.

మా లీగ్‌లో ఒక నియమం ఉంది. కొత్తవాళ్ల మొదటి సీజన్‌లో మొదటి రౌండ్ పిక్ ఉన్న ప్రతి ట్రేడ్‌నీ, దాంతో సంబంధం లేని ఇద్దరు పాతవాళ్లు చూసి సరేనంటేనే ఒప్పుకుంటాం. మీరూ పెట్టండి, సీజన్‌కి ముందే అందరికీ చెప్పండి. పెద్దాయనతో విడిగా మాట్లాడి, ఆ పిక్ బదులు రెండో రౌండ్ పిక్‌తో, కార్నర్‌బ్యాక్ లేకుండా మళ్లీ పంపమనండి. చార్ట్ దగ్గర పెట్టుకుని, ఎందుకు వద్దన్నారో ఆ కుర్రాడికీ వివరించండి. అతను నేర్చుకుని ఉండిపోతే లీగ్‌లో బేరమాడటానికి తెలివైనవాడు ఇంకొకడు పెరుగుతాడు.

ప్రశ్న: మా డివిజన్‌లోనే ఉన్న జట్టుకు నా టైట్ ఎండ్‌ని (అడ్డుకోవడం, బంతి అందుకోవడం రెండూ చేసేవాణ్ని) అమ్మవచ్చా? ఏడాదికి రెండుసార్లు నా మీదే ఆడతాడుగా అని భయం.
— సన్నీవేల్, కాలిఫోర్నియా

జవాబు: అమ్మవచ్చు. 2022 నవంబర్‌లో 1-6తో ఉన్న డెట్రాయిట్ తన టైట్ ఎండ్ టి.జె. హాకెన్‌సన్‌ని సొంత డివిజన్‌లోని మిన్నెసోటాకే ఇచ్చింది. మరుసటి ఏడాది రెండో రౌండ్, ఆ పై ఏడాది మూడో రౌండ్ పిక్‌లు తీసుకుని, నాలుగో రౌండ్ పిక్‌లు తిరిగిచ్చింది. ఆ సీజన్ 9-8తో ముగించింది. తర్వాతి వసంతంలో ఆ స్థానానికే లపోర్టా వచ్చాడు. మీ టైట్ ఎండ్ ఒప్పందం వచ్చే ఏడాదితో అయిపోతుంటే ఇక ఆలోచించక్కర్లేదు. డివిజన్‌వాడు కాబట్టి కొంచెం ఎక్కువ అడగండి, మూడో రౌండ్‌తో సరిపెడతానంటే మిగతా జట్లను కూడా అడిగాకే సరేననండి.