పగిలిన ఫైబర్ బొమ్మకు అతుకు లోపలి నుంచి వేయాలి

మీరు అడిగింది ఇది: కడపలో మీ ఇంటి ముందు తోటలో ఉన్న ఫైబర్ జింకకు పొట్ట నుంచి వెనక కాలి దాకా పగులు వచ్చింది. ఎపాక్సీ పుట్టీ నింపి రంగు వేశారు. ఎండాకాలం దాటకముందే అదే గీత మళ్ళీ తేలింది. బాగు చేసుకోవాలా, పారేయాలా?

దయచేసి పారేయవద్దు. ఫైబర్ బొమ్మ పగిలినంత మాత్రాన దాని ఆయుష్షు తీరిపోదు. పద్ధతిగా అతికితే ఆ చోటు మరో పదేళ్ళు మీ కంటికి కనిపించకుండా ఉండిపోతుంది.

నేను అనంతపురంలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. మా బడి తోటలో పూర్వ విద్యార్థులు ఇచ్చిన రెండు జింకలు, ఒక కొంగ, లేపాక్షి బసవన్నను చూసి చేసిన చిన్న నంది ఉన్నాయి. పిల్లలు జింకలెక్కి కూర్చుంటారు. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే ఆషాఢం గాలి మా కొంగను కూడా వదలదు. అందువల్ల ఈ బొమ్మల మరమ్మతు చాలాకాలంగా నా చేతిలోనే ఉంది. పని నేర్పింది బస్సు బాడీలు కట్టే షెడ్డులో ఫైబర్ పని చేసే ఒక మేస్త్రీ. నేను చెప్పబోయేదంతా ఆయన దగ్గర చూసి, తర్వాత నా చేతులతో చేసినదే.

ముందుగా పుట్టీ ఎందుకు నిలవలేదో చూడండి. ఈ బొమ్మకు బలం రెసిన్‌ది (పోశాక గట్టిపడే జిగురు ద్రవం) కాదు, అందులో పరిచిన గాజు దారాలది. దారం లేని రెసిన్, ఇనుప కడ్డీలు కట్టకుండా పోసిన స్లాబు లాంటిది. పగులు కనిపించిందంటే ఆ గీత వెంట దారాలు తెగిపోయాయని అర్థం. పుట్టీ సందును నింపుతుందే గానీ తెగిన దారాలను కలపలేదు. పగలు ఎండకు డొల్ల, అంటే బొమ్మ పలచని గోడ, సాగుతుంది, రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. రోజూ ఆ లాగుడు పడేది సరిగ్గా మీరు పుట్టీ పెట్టిన చోటే.

అలాగని ప్రతి గీతకూ ఇంత శ్రమ అక్కర్లేదు. సాలెగూడులా విస్తరించే సన్నని గీతలు చాలాసార్లు పైపూత, అంటే జెల్‌కోట్, వరకే ఉంటాయి. వాటిని కొద్దిగా గీకి, పైన పుట్టీ రాసి రంగు వేస్తే చాలు. రెండింటినీ వేరుచేయడానికి నేను రూపాయి బిళ్ళతో తట్టి చూస్తాను. బాగున్న చోట టంగుమని గట్టి శబ్దం వస్తుంది. పొరలు విడిపోయిన చోట శబ్దం బొద్దుగా, చచ్చినట్టు వస్తుంది. ఆ బొద్దు శబ్దం ఎక్కడిదాకా వినిపిస్తే అక్కడిదాకా సుద్దముక్కతో గీత గీయండి. మరమ్మతు చేయాల్సిన మేర అది. కంటికి కనిపించే పగులు కంటే అది ఎప్పుడూ పెద్దదే. చీకటి పడ్డాక బొమ్మ లోపల టార్చి పెట్టి చూడటం కూడా మంచిది. మా పెద్ద జింకకు అలా చూస్తే, బయట చుక్క గీత కూడా లేని తొడ దగ్గర వెలుగు దారంలా బయటికి వచ్చింది. పగులు అక్కడిదాకా పాకిందని అప్పుడే తెలిసింది.

పగులుకు కారణం పట్టుకోకుండా పని మొదలుపెట్టవద్దు. మీరు చెప్పినట్టు అది కాలి వైపు పోయిందంటే నాకు మొదట వచ్చే అనుమానం లోపలి ఇనుప కడ్డీ మీద. జింక, కొంగ లాంటి సన్నకాళ్ళ బొమ్మలకు కాళ్ళలో కడ్డీ పెట్టి పోస్తారు. పాదం దగ్గర నీరు దిగితే కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచి డొల్లను చీలుస్తుంది. మా కొంగ కాలు అలాగే పగిలింది. పగులు అంచున ఎర్రటి మరక కనిపిస్తే ఇదే కారణమని అనుకోవచ్చు. రెండో కారణం, గాలికి పడకుండా పొట్టలో ఇసుకో సిమెంటో నింపడం. ఆ బరువంతా పలచని డొల్ల మోయాలి. మూడోది, సిమెంటు దిమ్మెకు నట్లు బిగించి బిగించి కట్టేయడం.

ఇక పని. బొమ్మను దిమ్మె మీద నుంచి విప్పి నీడలో పెట్టి, లోపలి తడి పూర్తిగా ఆరేదాకా ఆగండి. తడి మీద రెసిన్ పట్టదు. పాత పుట్టీ అంతా తీసేయండి. పగులు రెండు కొసల దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం చొప్పున వేయండి. పగులు అక్కడితో ఆగుతుంది. ఆ గీత పొడవునా కాలువలా గాడి తీసి, రెండు పక్కలా ఏటవాలుగా అరగదీయండి. డొల్ల మందం 3 మిల్లీమీటర్లయితే వాలు ఒక్కో వైపు 3 నుంచి 4 సెంటీమీటర్లు ఉండాలి. మీకు ఇది చాలా ఎక్కువనిపిస్తుంది. కానీ కొత్త పొర పాత పొరను పట్టుకునేది ఈ వాలు మీదే, ఇక్కడ పొదుపు చేయవద్దు. గరుకు 80 నంబరు సాండ్‌పేపరు చాలు. అరగదీయడానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఎసిటోన్‌తో (జిడ్డు తీసే ద్రావకం) శుభ్రంగా తుడవండి.

సామాన్లు: పాలిస్టర్ రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డనర్, 300 లేదా 450 గ్రాముల గ్లాస్ మ్యాట్ (గాజు దారాల పరుపు), పాత బ్రష్షులు. మ్యాట్‌కు చెప్పే ఆ అంకె చదరపు మీటరు బరువు. రెసిన్ కొనేటప్పుడు యాక్సిలరేటర్ (త్వరగా గట్టిపడేలా చేసే ద్రావణం) ముందే కలిపినది అడిగి తీసుకోండి. ఇది చాలా ముఖ్యం. యాక్సిలరేటర్‌గా వాడే కోబాల్ట్ ద్రావణం, హార్డనర్ నేరుగా ఒకదానితో ఒకటి కలిస్తే మంట లేచి పేలే ప్రమాదం ఉంది. విడివిడి సీసాలు ఇంట్లో ఉంచుకోకపోవడమే మేలు.

పాళ్ళు: 100 గ్రాముల రెసిన్‌కు హార్డనర్ 1 నుంచి 2 గ్రాములు. మన రాయలసీమ ఎండల్లో 1 గ్రాముకు మించవద్దు. సూది లేని సిరంజితో 1 మిల్లీలీటరు తీసుకుంటే దాదాపు సరిపోతుంది. వేడిలో రెసిన్ నిమిషాల్లో జెల్లీలా బిగుస్తుంది కాబట్టి 100 గ్రాములకు మించి ఒకేసారి కలపవద్దు. నేను ఎప్పుడూ పొద్దున్నే, ఎండ ముదరకముందే పని ముగిస్తాను. ఎంత రెసిన్ కావాలో మ్యాట్ బరువును బట్టి లెక్క కట్టండి. మ్యాట్ బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్లు. 20 సెంటీమీటర్లు వెడల్పు, 30 పొడవు ఉన్న 450 గ్రాముల మ్యాట్ ముక్క 27 గ్రాములు తూగుతుంది. దానికి 55 నుంచి 70 గ్రాముల రెసిన్ పడుతుంది.

అతుకు మొదట లోపలి నుంచే వేయాలి. పగులుకు రెండు వైపులా 5 సెంటీమీటర్లు దాటేలా రెండు పొరలు. చేయి పట్టకపోతే పొట్ట కింద కనిపించని చోట చిన్న కిటికీలా కోసి, పని అయ్యాక ఆ ముక్కనే మళ్ళీ అతికించవచ్చు. నేను మా చిన్న జింకకు వేరే దారి పట్టాను. పగులు వెడల్పుగా ఉన్న చోటు నుంచి దూరేలా అట్టముక్క మడిచి, దానికి సన్నని తీగ కట్టి, మీద రెసిన్‌లో తడిపిన మ్యాట్ పరిచి లోపలికి తోశాను. తర్వాత తీగ లాగి బయట ఒక పుల్లకు బిగించాను. మ్యాట్ లోపలి గోడకు హత్తుకుని గట్టిపడింది. మర్నాడు తీగ కత్తిరించి బయటి గాడి నింపడం మొదలుపెట్టాను.

మ్యాట్ మీద రెసిన్‌ను పూయకూడదు, బ్రష్షు కొసతో పొడవాలి. పొడిచే కొద్దీ తెల్లటి మ్యాట్ క్రమంగా గాజులా పారదర్శకమవుతుంది. తెల్లటి మచ్చ ఎక్కడ మిగిలినా అక్కడ గాలి చిక్కుకుందని గుర్తు. ఆ మచ్చలు పోయేదాకా పొడవండి. రేపు పగులు మళ్ళీ మొదలయ్యేది అక్కడి నుంచే. ఆఖరి పొర గాలి తగిలితే పైపైన జిగురుగానే ఉండిపోతుంది. మీద పాలిస్టర్ ప్లాస్టిక్ షీటు పరిచి చేత్తో అద్దితే చక్కగా గట్టిపడుతుంది.

ఇంట్లో పిల్లలుంటే ఈ భాగం రెండుసార్లు చదవండి. హార్డనర్ కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్ళద్దాలు తప్పనిసరి. పొరపాటున పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు నీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. చేతితొడుగులు, ముక్కుకు మాస్కు, నిండు చేతుల చొక్కా ఉండాలి. రెసిన్ ఆవిరి, ఎసిటోన్ నిప్పు దగ్గర ఉండకూడదు, కాబట్టి పని ఆరుబయటే. కప్పులో మిగిలిన రెసిన్ కాలిపోయేంత వేడెక్కుతుంది, అది చల్లబడేదాకా చెత్తబుట్టలో వేయవద్దు. అరగదీసేటప్పుడు కింద పాత దుప్పటి పరిచి, గాజు పొడిని తడిగుడ్డతో ఎత్తండి. చర్మం దురద పెడితే రుద్దకుండా చల్లటి నీళ్ళతో కడగాలి.

పైన కారు బాడీ పుట్టీ పలుచగా, తర్వాత ప్రైమర్, తర్వాత రంగు. ఈ దశలో పుట్టీ తప్పు కాదు, దాని పని నునుపు చేయడమే. రంగు విషయంలో నాది గట్టి అభిప్రాయం: ఎండ తగిలే చోట ముదురు రంగులు వద్దు, అవి వేడిని పీల్చి డొల్లను ఇంకా సాగదీస్తాయి. పీయూ (పాలీయురేథేన్) రంగు ఎండకు బాగా నిలుస్తుంది. స్ప్రే చేయాలంటే కారు పెయింటర్‌కే ఇవ్వండి, ఆ తుంపర ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

మళ్ళీ నిలబెట్టేటప్పుడు పాదం దగ్గర అన్నిటికంటే కింద 6 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి, నీరు దిగిపోతుంది. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి, రబ్బరు వాషరుతో, కాస్త వదులుగా.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేసి చెప్పండి. వెనక కాలి మీద పైనుంచి కిందికి అయస్కాంతం జరిపి చూడండి. ఎక్కడైనా పట్టుకుంటే లోపల ఇనుప కడ్డీ ఉన్నట్టే. అప్పుడు ఆ కాలిని తెరిచి తుప్పు గీకాల్సి ఉంటుంది, దాని గురించి వేరుగా రాస్తాను. పగులు అంచు దగ్గరి ఫోటో కూడా ఒకటి పెట్టండి.