తాతయ్య జ్ఞాపకాలు రాస్తున్న అమ్మాయికి

చెన్నై

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలు అందాయి. రెండుసార్లు చదివాను. ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో తాతయ్య పక్కన కూర్చుని ఆయన చెప్పినదంతా రాసుకుంటున్నావంటే నాకెంతో సంతోషంగా ఉంది. 1947లో పదేళ్ల పిల్లవాడికి ఇప్పుడు తొంభై దగ్గర పడుతోంది. ఆ రోజును కళ్లారా చూసి చెప్పగలిగిన వాళ్లు మన మధ్య ఇంకెంతో కాలం ఉండరు. అందుకే మెచ్చుకోళ్లు తర్వాతకు వాయిదా వేసి, పనికొచ్చే మాటలు ముందు రాస్తున్నాను.

నీ మొదటి పేజీ తీసివేయి. "బానిస సంకెళ్లు తెంచుకుని భారతమాత స్వేచ్ఛావాయువులు పీల్చిన శుభదినం" అని మొదలుపెట్టావు. ఏటా ఆగస్టులో ప్రతి బడి వేదిక మీదా వినిపించే వాక్యమిది. ఇందులో మీ తాతయ్య లేడు, నువ్వూ లేవు. నీ పుస్తకం నిజానికి తొమ్మిదో పేజీలో మొదలవుతోంది. బడిలో ఇచ్చిన కాగితపు జెండాను చొక్కాకు పెట్టుకోవడానికి గుండుసూది దొరక్క, వాళ్లమ్మ అన్నం మెతుకులు నలిపి అంటించింది. సాయంత్రం నాన్నతో ట్రాములో కోట వైపు దీపాలు చూడటానికి వెళ్లేసరికి అది ఎక్కడో ఊడి పడిపోయింది. ఇంటికొచ్చే దాకా ఏడుస్తూనే ఉన్నాడు. దీన్ని మూడంటే మూడు వాక్యాల్లో రాసి, వెంటనే నెహ్రూ ప్రసంగంలోకి వెళ్లిపోయావు! నెహ్రూ ప్రసంగం ఎక్కడైనా దొరుకుతుంది. ఊరంతా సంబరంలో ఉండగా జెండా పోయిందని ఏడ్చిన పిల్లవాడు నీకొక్కదానికే దొరికాడు. అక్కడే ఆగు. నాన్న కసిరారా, సముదాయించారా? ట్రాములో నిలబడ్డారా, చోటు దొరికిందా? వాళ్లమ్మ వెంట రాలేదెందుకు? ఆ తెల్లవారుజామున సెయింట్ జార్జి కోట మీద ఎగరేసిన పట్టు జెండా ఇప్పటికీ కోటలోని మ్యూజియంలో ఉంది. ఆయనకు ఓపిక ఉన్న రోజు చూసి అక్కడికి తీసుకెళ్లు. అక్కడ మాత్రం ప్రశ్నలు వేయకు. ఆయన ఏం మాట్లాడితే అది విను.

"స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మీకు ఏమనిపించింది?" అని అడిగినట్టున్నావు. అలా అడిగితే ఎవరైనా ఉపన్యాసమే ఇస్తారు. మనసులో ఏముందో అడిగితే ముసలివాళ్లు మొహమాటపడి, ఎక్కడో విన్న పెద్ద మాటలు అప్పజెబుతారు. చేతిలో ఏముందో అడుగు. ఆ రోజు పొయ్యి మీద ఏముంది, రేషను బియ్యం ఎలా ఉండేవి, క్యూలో ఎవరు నిలబడేవారు అని అడుగు. 1952లో రాజాజీ ప్రభుత్వం తిండిగింజల మీద నియంత్రణలు ఎత్తివేసింది. మీ తాతయ్య తరానికి అది చిన్న విషయం కాదు. కొట్టుకు వెళ్లి కావలసినన్ని బియ్యం కొనుక్కున్న మొదటి రోజు చాలామందికి పండుగలా గుర్తుంది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. రూపాయిలో పదహారో వంతైన అణాకు ఆరూ పావు పైసలు. ఆ పావు దగ్గర కొట్టువాడికీ కొనేవాడికీ నడిచిన తగాదాలు చెప్పమను, గంటసేపు చెబుతారు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న మాట. స్వాతంత్ర్యం అన్ని ఇళ్లకూ ఒకే తేదీన రాలేదు. క్యాలెండరులో ఉన్నది దేశం తేదీ. ప్రతి ఇంటికీ తనదైన తేదీ వేరే ఉంటుంది. దాన్ని కనిపెట్టడమే నీ పని.

చాలా ఏళ్ల కిందట వ్యాసర్పాడిలో ఒక పెద్దావిడతో మాట్లాడాను. బర్మాలో పుట్టిన తెలుగావిడ. అక్కడి సైనిక ప్రభుత్వం 1964లో వ్యాపారాలన్నీ జాతీయం చేసినప్పుడు, వేలాది కుటుంబాలతోపాటు ఆమె కూడా ఓడలో మద్రాసు రేవులో దిగింది. ఆగస్టు 15 గురించి అడిగితే, "అప్పుడు మేం రంగూన్‌లో ఉన్నాం, ఇక్కడి సంగతి మాకెవరు చెబుతారు?" అంది. తర్వాత లోపలికి వెళ్లి ఒక రేకు పెట్టె తెచ్చింది. అందులో, మడతల దగ్గర చిరిగిపోయి, వెనక బట్ట అతికించిన పాత రేషను కార్డు ఉంది. కుటుంబ పెద్ద అన్న చోట ఆమె పేరే ఉంది, ఎందుకంటే భర్త ఓడ ఎక్కకముందే పోయాడు. "ఇది చేతికొచ్చిన రోజు నేను ఈ దేశం మనిషినయ్యాను" అని, వేలితో తన పేరు చూపించింది. ఆమెకు చదవడం రాదు. పేరు ఏ వరుసలో ఉందో మాత్రం తెలుసు. ఆమె స్వాతంత్ర్యానికి తేదీ ఆ కార్డు మీద ముద్ర తేదీ.

మీ తాతయ్య ఇంటి తేదీ ఏది? నా ఊహ ఒకటుంది, అది నీ కాగితాల్లో లేదు. 1947 నుంచి ఒక్క గంతులో 1955కు, పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారంలో ఆయన ఉద్యోగానికి వచ్చేశావు. మధ్యలో ఈ నగరంలో తెలుగువాళ్ల మీదుగా ఏం పోయిందో తెలుసా? పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న దీక్షకు కూర్చున్నది మైలాపూరులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో. 58వ రోజున, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామన్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆ రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. "మదరాసు మనదే" అని అరిచినవాళ్లు కొందరు సామాన్లు సర్దుకుని వెళ్లారు. మీ వాళ్లు జార్జిటౌనులోనే ఉండిపోయారు. ఎందుకు ఉండిపోయారు? ఆ ఇంట్లో వెళ్దామని ఎవరన్నారు, వద్దని ఎవరన్నారు? పక్కవాటాలో తమిళ కుటుంబం ఉండేదని రాశావు కదా, ఆ రోజుల్లో రెండిళ్ల మధ్య కూరల గిన్నెలు అటూ ఇటూ తిరిగాయా, ఆగిపోయాయా? పదిహేనేళ్ల కుర్రవాడికి ఇవన్నీ తెలుస్తాయి. తాతయ్య దాటవేయడం నాకు ఆశ్చర్యం కాదు. తను పుట్టి పెరిగిన ఊరు తనది కాదన్న మాట విన్నవాళ్లు దాన్ని మనవరాలికి సులువుగా చెప్పలేరు. తొందరపెట్టకుండా, అయినా తప్పకుండా అడుగు. ఇక్కడి తెలుగువాళ్ల కథలో ఇది లేకపోతే తక్కినదంతా ఏ ఊళ్లోనైనా రాయగలిగిన కథే అవుతుంది.

పన్నెండో పేజీలో ఒక చిక్కు ఉంది. ఇక్కడి ప్యారీస్ కార్నర్ దగ్గర ప్రకాశం పంతులుగారు చొక్కా విప్పి తుపాకులకు రొమ్ము చూపడం తాను చూశానని తాతయ్య అన్నారు. అది సైమన్ కమిషన్ నాటి సంగతి, 1928 ఫిబ్రవరి 3. అప్పటికి ఆయన పుట్టలేదు. ఆయన అబద్ధం చెప్పారని అనుకోకు, ఆ భాగం తీసివేయకు. వాళ్ల నాన్న చూసి ఉంటారు. రోజూ రాత్రి భోజనాల దగ్గర చెప్పి ఉంటారు. విని విని ఆ పిల్లవాడి కళ్లకు అది కనబడింది. "మీ నాన్నగారు ఎక్కడ నిలబడి చూశారు?" అని మెల్లగా అడిగితే జ్ఞాపకం అసలు యజమాని దగ్గరకు వెళ్తుంది, నీ పుస్తకంలోకి ఇంకో తరం వచ్చి చేరుతుంది. ఆయన మాట ఆయన మాటగానే ఉంచు. తేదీని నీ గొంతుతో, పక్కనే రాయి. ఉద్యోగంలో చేరిన ఏడాదే ట్రాములు ఆగిపోయాయన్నది కూడా అలాంటిదే. ట్రాములు 1953 ఏప్రిల్‌లో ఆగాయి, కర్మాగారాన్ని నెహ్రూ ప్రారంభించింది 1955 అక్టోబరు 2న. ఆ రెండూ ఆయన మనసులో ఎందుకు కలిశాయో తెలుసుకుంటే బాగుంటుంది. తేదీలు సరిచూసుకోవడానికి కన్నెమరా గ్రంథాలయానికి, ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కు వెళ్లు. ఆంధ్రపత్రిక పాత సంచికలు తిరగెయ్యి. వార్తలతోపాటు ప్రకటనలూ చూడు, ఆ కాలం ధరలూ కోరికలూ వాటిలోనే ఉంటాయి.

తాతయ్య తల్లిగారి సంగతి నన్ను వదలడం లేదు. నీ కాగితాల్లో ఆమె మెతుకులతో జెండా అంటించి మాయమైపోయింది. 1952 ఎన్నికల్లో ఆమె ఓటు వేసిందా? ఆ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. కాంగ్రెసుకు వేయాలంటే కాడెద్దుల బొమ్మ ఉన్న పెట్టెలో కాగితం వేయాలి. ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అనే తప్ప తమ పేరు చెప్పనందుకు దేశంలో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లు ఆ జాబితాల్లోంచి తప్పిపోయారు. ఉత్తరాదిలోనే ఎక్కువ. మీ ఇంట్లో ఆమె తన పేరు చెప్పిందా? ఎవరితో వెళ్లింది, ఏ చీర కట్టుకుంది, ఏ పెట్టెలో వేశానని ఇంట్లో చెప్పిందా? తాతయ్యకు తెలియకపోతే ఆయన చెల్లెలు ఉన్నారు కదా, ఆవిడను అడుగు. వంటింట్లో కూర్చుని, మగవాళ్లు లేనప్పుడు అడుగు. హాల్లో అడిగితే, ఆవిడను అడిగిన ప్రశ్నకు తాతయ్య జవాబు చెబుతారు. ఇది అన్ని ఇళ్లలోనూ చూశాను.

ప్రగతి గురించి రాసిన చివరి భాగం నాకు నచ్చలేదు. ఆనకట్టలు, ఉపగ్రహాలు, కంప్యూటర్లు వరుసగా వచ్చి వెళ్లిపోయాయి. వాటిని ప్రభుత్వ ప్రకటనలు రాసుకుంటాయి. నువ్వు ఒక్క నీళ్ల కథ రాసినా చాలు. ఈ ఊళ్లో చేతిపంపు దగ్గర ప్లాస్టిక్ బిందెల వరుసలో పెరిగిన తరాలున్నాయి. కృష్ణా నీళ్లు మద్రాసుకు తేవడానికి 1983లో ఒప్పందం జరిగింది, ఆంధ్రలోని కండలేరు నుంచి కాలువలో ఇక్కడి పూండి జలాశయం దాకా నీళ్లు వచ్చేసరికి 1996 అయింది. ఇక్కడి తెలుగువాళ్లు ఆ నీళ్లను పుట్టింటి నుంచి వచ్చిన సారెలా చెప్పుకున్నారు. అదే నగరానికి 2019 వేసవి ఎండల తర్వాత, జూలైలో, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు మోసుకొచ్చారు. ఆ ఏడు మీ అపార్ట్‌మెంటులో ఏం జరిగిందో నీకే గుర్తుంటుంది, నీ జ్ఞాపకమూ రాయి. బాగుపడినదాన్ని బాగుపడిందని గట్టిగా రాయి. 1951 జనగణన నాటికి చదవగలిగిన ఆడవాళ్లు నూటికి తొమ్మిది మంది. తాతయ్య తల్లిగారి మునిమనవరాలివి నువ్వు పుస్తకం రాస్తున్నావు. ఇది చిన్న మార్పా? కానీ మీ వీధి ఊడ్చే మనిషిని కూడా ఒకసారి పలకరించు. ఈ నగరాన్ని తరతరాలుగా శుభ్రం చేస్తున్నవాళ్లలో నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల అమ్మ చేసిన పనే తనూ చేస్తున్నానని ఆమె చెబితే, అది కూడా నీ ప్రగతి అధ్యాయంలో ఉండాలి. లేకపోతే ఆ అధ్యాయం మీద నాకు నమ్మకం కుదరదు.

ఫోనులో రికార్డు చేస్తున్నావు, మంచిదే. ఫోనును ఆయనకు కనబడేలా పెట్టు, ఆన్ చేశానని ప్రతిసారీ చెప్పు. ఆయన ఆగినప్పుడు ఖాళీ పూడ్చాలని నువ్వు మాట్లాడకు. ఆయన తెలుగులో దొర్లే తమిళ మాటలు దిద్దకు. దాదాపు తొంభై ఏళ్లు ఇక్కడ బతికిన తెలుగు అలాగే ఉంటుంది. ఆస్తి తగాదాలూ, బంధువుల పేర్లూ వచ్చిన చోట, ఆయన ఒప్పుకుంటే తప్ప అచ్చులోకి తేకు.

వచ్చే ఆదివారం ఉదయమే వెళ్లు, మధ్యాహ్నం ఆ వయసువాళ్లకు కునుకు పడుతుంది. ముందు తొమ్మిదో పేజీ ఆయనకు గట్టిగా చదివి వినిపించు. ఎక్కడ "అలా కాదు" అంటారో అక్కడ గీత పెట్టుకో. 1953 సంగతి ఆయన చెల్లెలిగారి దగ్గర మొదలుపెట్టడమే మంచిదనిపిస్తోంది. ఆ రెండు భాగాలు తిరగరాసి పంపు, తక్కినవి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ