పిల్ల క్లాసులు పెరిగిపోతుంటే
మీ ప్రోగ్రామ్‌లో సందేశాలు పంపే నోటిఫికేషన్ క్లాస్ (ఆబ్జెక్టులు తయారుచేసే కోడ్ అచ్చు) కింద పిల్ల క్లాసులుగా ఈమెయిల్, ఎస్సెమ్మెస్, వాటి కింద అర్జెంట్ ఈమెయిల్, అర్జెంట్ ఎస్సెమ్మెస్... పైన ఒక్క మెథడ్ (క్లాసు చేసే ఒక పని) మారిస్తే కిందవన్నీ పాడవుతున్నాయన్నారు కదండీ. క్లాసులు, ఆబ్జెక్టులతో కోడ్ రాసే పద్ధతే చెడ్డదని అనుకోకండి. రెండు వేర్వేరు విషయాలను ఒకే ఇన్‌హెరిటెన్స్‌లో (పై క్లాసులోవి పిల్ల క్లాసుకు వచ్చే ఏర్పాటులో) ఇరికించడం వల్లే ఈ చిక్కు. పంపే మార్గానికి ఒకటి, తొందర స్థాయికి ఒకటి ఇంటర్‌ఫేస్ (ఏ మెథడ్లు ఉండాలో మాత్రమే చెప్పే ఒప్పందం) రాసి, వాటి ప్రకారం రాసిన క్లాసుల ఆబ్జెక్టులను నోటిఫికేషన్‌కి కన్‌స్ట్రక్టర్‌లో, అంటే ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్‌లో, అందించండి. 3 మార్గాలు, 4 స్థాయిలు ఉంటే 12 జోడీలకు 12 క్లాసులు రాయక్కర్లేదు, మార్గానికొకటి, స్థాయికొకటి చొప్పున 7 చాలు. టెస్టులో ఉత్తుత్తి పంపే ఆబ్జెక్ట్ ఇవ్వొచ్చు, ఇది నాకు బాగా నచ్చే లాభం.

ఇన్‌హెరిటెన్స్ పూర్తిగా మానేయమనను. 1987లో కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ వివరించినట్టు, పై క్లాసు ఉన్నచోట పిల్ల క్లాసు పెట్టినా ప్రోగ్రామ్ సరిగ్గా నడిస్తే ఉంచండి. అలాగని ప్రతి క్లాసుకూ ఇంటర్‌ఫేస్ రాయకండి, కోడ్ చదవడం కష్టమవుతుంది. ముందు అర్జెంట్ క్లాసులు తీసేయండి, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.