క్యాట్‌నిప్ బొమ్మను పిల్లి పట్టించుకోకపోతే లోపం పిల్లిదా?

"450 రూపాయలు పెట్టి క్యాట్‌నిప్ నింపిన ఎలుక బొమ్మ కొన్నాను. వీడియోల్లో పిల్లులు దానిమీద పడి పొర్లుతున్నాయి. మా పిల్లి ఒక్కసారి వాసన చూసి పోయి పడుకుంది. దానికి జబ్బేమైనా ఉందా, లేక నన్ను మోసం చేశారా?" అని అడిగారు.

జబ్బు కాదు, ముందు ఆ భయం తీసెయ్యండి. క్యాట్‌నిప్ అంటే పుదీనా జాతి మొక్క, దాని వాసనకు పిల్లులు మత్తెక్కి పొర్లుతాయి. కానీ పిల్లుల్లో సుమారు మూడింట రెండు వంతులే క్యాట్‌నిప్‌కు కదులుతాయి. మిగతావాటికి అది ఉత్త ఎండుగడ్డి. ఈ గుణం పుట్టుకతో వస్తుందని, తల్లిదండ్రుల నుంచి దిగుతుందని 1962లోనే నీల్ టాడ్ అనే శాస్త్రవేత్త రాశాడు. ఇది నాకు చదివితే తెలిసింది కాదు. మా ఇంట్లో కళ్ళారా చూసినాక, ఎందుకిట్లా అని వెతికితే దొరికింది.

మాది అనంతపురం, పాతూరు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మాకు మూడు పిల్లులు. నల్లోడు ఒక వానరాత్రి వాడంతట వాడే వచ్చి మిషను కింద చేరాడు, మళ్ళీ పోలేదు. బుడ్డమ్మ శెనక్కాయల మండీ వెనక గోతాల మధ్య దొరికింది, మా వైపు శెనక్కాయల్ని బుడ్డలంటాం, బుడ్డల్లో దొరికింది కాబట్టి ఆ పేరు. మూడోది బుడ్డమ్మ కూతురు చిట్టి, నేను చెప్పబోయేది జరిగేనాటికి దానికి రెండు నెలలు.

మా తమ్ముడు బెంగుళూరులో ఉంటాడు. ఉగాదికి వచ్చినప్పుడు చేప ఆకారంలో ఉన్న క్యాట్‌నిప్ బొమ్మ తెచ్చాడు. కవరు చింపాడో లేదో, పక్కగదిలో నిద్రపోతున్న నల్లోడు లేచి వచ్చేశాడు. మొదట ముక్కు ఆనించాడు. తర్వాత బుగ్గలు, గడ్డం దానికేసి రుద్దాడు. నోట్లోంచి చొంగ కారుతోంది. ముందుకాళ్ళతో బొమ్మను వాటేసుకుని వెనకకాళ్ళతో టకటకా తన్నాడు. వెల్లకిలా పడి, దొర్లుకుంటూ పోయి నా మిషను తొక్కుడు పలక కిందికి దూరాడు. దారపు ఉండలన్నీ కింద పడ్డాయి. పెళ్ళివాళ్ళ జాకెట్టుకు తీసిపెట్టుకున్న బంగారు రంగు దారం వాడి కాళ్ళకు చుట్టుకుంది. అది పట్టనే లేదు వాడికి. వీధికుక్కలకు భయపడి ఎప్పుడూ ఒళ్ళు ముడుచుకుని తిరిగే పిల్లి అట్లా ఒళ్ళు మరిచి పొర్లుతుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఏడెనిమిది నిమిషాలు. అంతే. లేచి దులుపుకుని, తోక నాకుతూ కూర్చున్నాడు. తమ్ముడు బొమ్మను మళ్ళీ వాడి ముందు వేస్తే ముఖం తిప్పుకున్నాడు. అది మామూలే. ఆ మత్తు సుమారు పది నిమిషాలే ఉంటుంది, తర్వాత అరగంట మొదలు గంటా రెండు గంటల వరకు మళ్ళీ పని చెయ్యదు. ఇది తెలియక చాలామంది బొమ్మ పాడైందని పారేస్తారు.

చిట్టి బొమ్మ మీదికి ఎక్కి దూకింది, కానీ దానికి దారపు ఉండైనా ఒకటే, చేపైనా ఒకటే. కూనలకు మూడు నుంచి ఆరు నెలలు నిండేదాకా ఈ వాసన పట్టదు. మీ పిల్లి వయసు మీరు రాయలేదు. చిన్నదైతే కొన్నాళ్ళు ఆగి చూడండి.

ఇంక బుడ్డమ్మ. ఒక్కసారి వాసన చూసింది, కిటికీ ఎక్కి కూర్చుంది. అచ్చం మీ పిల్లి లాగే. మా తమ్ముడు, "ఏమక్కా, ఈ పిల్లి మొద్దుదిలా ఉండాదే?" అన్నాడు. నాకు చాలా బాధేసింది. "నోరెట్ల వచ్చెరా నీకు? నువ్వు తెచ్చినదానికి ఎగిరి గంతెయ్యకుంటే మొద్దు అయిపోతాదా?" అని గట్టిగానే అన్నాను. మా వీధిలో ఎలుకలు పట్టడంలో దాన్ని మించిన పిల్లి లేదు. పక్కింటి బియ్యం మూట వెనక మూడు రోజులు కాపు కాసి పందికొక్కును పట్టిన పిల్లి అది.

పిల్లుల మీద మనవాళ్ళ మాటలే అంత. నా దగ్గరికి జాకెట్టు కొలతలకు వచ్చే ఒకామె, గుమ్మంలో నల్లోడు ఎదురైతే వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ నాలుగు రోజులకు వచ్చి, పెళ్ళికి జాకెట్టు అందలేదని నామీదే కోప్పడింది. పిల్లి నడిచింది దాని తిండి గిన్నె దగ్గరికమ్మా, నీ దారికి అడ్డం కాదు అని చెప్పినా వినలేదు. ఒకరికి అపశకునం, ఒకరికి వీడియోలో ఆడే బొమ్మ. దాన్ని ఒక ప్రాణిగా, దాని తీరులో దాన్ని చూసేవాళ్ళు తక్కువ.

సరే, అసలు నేను చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను.

ఆ ఏడు ఆషాఢంలో రెండు మంచి వానలు పడ్డాయి. మా పెరట్లో బోరింగు పక్కన, గోడవారంతా కుప్పింటాకు మొలిచింది. చిన్నప్పుడు ఒంటికి దురద వస్తే ఆ ఆకు పసుపుతో నూరి పూసేవాళ్ళు, మీకూ గుర్తుండొచ్చు. రంపపు అంచుల ఆకు, నిలువుగా ఒక వెన్ను, దాని వెంట చిన్న చిన్న పచ్చటి దొప్పలు. మా అత్త కలుపు పీకి మెట్ల దగ్గర కుప్ప వేసింది. ఐదు నిమిషాలకు, "ఏమ్మీ, ఇట్ల రా బిరీన! పిల్లికి ఏమో అయ్యింది, మూర్ఛ వచ్చినట్టుండాది!" అని కేక.

పరిగెత్తాను. బుడ్డమ్మ! క్యాట్‌నిప్‌ను కన్నెత్తి చూడని నా బుడ్డమ్మ, ఆ కలుపు కుప్పలో తల దూర్చి పొర్లుతోంది. మట్టి అంటిన మొక్కల వేర్లను కొరుకుతోంది, చెంపలకేసి రుద్దుకుంటోంది, గొంతులో గురగుర వాకిలి దాకా వినబడుతోంది. అత్త నీళ్ళు చల్లబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. నల్లోడు కూడా వచ్చాడు గానీ వాణ్ణి దగ్గరికి రానియ్యలేదు, బుస్సుమని పంజా విసిరింది. అందుకే రెండు పిల్లులుంటే ఇట్లాంటివి ఎప్పుడూ విడివిడిగా ఇవ్వండి. ఆ మత్తులో కొన్నిటికి కోపం ముక్కు మీద ఉంటుంది.

మొక్క గోడవార ఎన్నాళ్ళుగా ఉన్నా బుడ్డమ్మ దాన్ని దాటుకుని పోయేదే తప్ప ఆగేది కాదు. కారణం ఏమిటంటే మహిమ ఆకులో లేదు, వేరులో ఉంది. పీకి వేరు బయటపడితేనే పిల్లికి వాసన తగులుతుంది. తమిళులు ఈ మొక్కను పూనైవణంగి అంటారు, అంటే పిల్లి దండం పెట్టేదని. క్యాట్‌నిప్‌లో పిల్లిని కదిలించే పదార్థం నెపెటాలాక్టోన్. కుప్పింటాకు వేరులో ఉండేది దానికి దగ్గరి చుట్టమే, కానీ అచ్చం అదే కాదు. అందుకే ఒకదానికి కదలని పిల్లి ఇంకోదానికి కదలొచ్చు. విదేశాల్లో 2017లో వంద పిల్లుల మీద చేసిన పరిశోధనలోనూ ఇదే తేలింది. క్యాట్‌నిప్ పట్టని పిల్లుల్లో సుమారు ముప్పాతిక వంతు సిల్వర్ వైన్ అనే తీగకు పొర్లాయి. 2021లో జపానువాళ్ళు ఇంకొకటి చూపించారు. ఆ తీగ ఆకులను ఒంటికి రుద్దుకున్న పిల్లుల మీద దోమలు తక్కువ వాలుతాయట. పిచ్చి పిచ్చి అంటారు గానీ, ఒళ్ళు కాపాడుకునే తెలివి కూడా అందులో ఉంది.

మన సీమ పిల్లులకు మన మట్టిలో మొలిచిన వేరే సరిపోతుందని నా గట్టి నమ్మకం. ఆ తర్వాత మా వీధిలో నాలుగు పిల్లులకు ఇచ్చి చూశాను, మూడు పొర్లాయి. సముద్రాలు దాటి, గోదాముల్లో నెలలు మగ్గి వచ్చిన క్యాట్‌నిప్ పొడికి వాసన ఏం మిగులుతుంది? మోసం చేశారా అని మీరడిగినదానికి జవాబు ఇదే. మీ బొమ్మను చేతిలో గట్టిగా నలిపి వాసన చూడండి. పుదీనా లాంటి ఘాటు ఏమాత్రం రాకపోతే మీకు అమ్మింది పాతసరుకు. ఘాటు ఉండి కూడా పిల్లి కదలకపోతే అది దాని పుట్టుక. ఇద్దరిలో ఎవరినీ అనాల్సిన పని లేదు.

కుప్పింటాకు దొరికితే దాని వేర్లు కడిగి, ఒకటి రెండు పచ్చిగానే కింద వేసి చూడండి. గడ్డిమందు కొట్టిన చోట మాత్రం పీకొద్దు. ఈ రోజుల్లో ఖాళీ జాగా కనిపిస్తే చాలు, మందు కొట్టేస్తున్నారు, పిల్లులు ఆ కాళ్ళే నాకుతాయని ఒక్కరూ ఆలోచించరు. రుద్దుకోవడం అయ్యాక ఆ వేర్లు తీసెయ్యండి, ఎక్కువ మింగితే కక్కుతాయి. మిగిలిన వేర్లు నీడన ఆరబెట్టి, చిన్న ముక్కలు చేసి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోవచ్చు. నేను జాకెట్టు ముక్కలతో సంచి కుట్టి అందులో నింపుతాను. నూలు గుడ్డే వాడండి, అంచు రెండుసార్లు కుట్టండి. గుండీలు, పూసలు, వేలాడే దారాలు వద్దు, పిల్లి కడుపులోకి దారం పోతే పేగుల్లో చిక్కుకుంటుంది.

అప్పటికీ మీ పిల్లి కదలకపోతే వదిలెయ్యండి, దానికి ఇష్టమైనది ఇంకేదో ఉంటుంది. మీ ఊరేదో రాయలేదు. అనంతపురమే అయితే ఈ వానల్లో పాతూరు వైపు వచ్చినప్పుడు చెప్పండి. మా అత్తను బతిమాలి గోడవార నాలుగు మొక్కలు పీకకుండా ఉంచాను, రెండు మీకిస్తాను.